ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’, చేతిలో ఏమీ లేదు: ఆన్‌లైన్ వేలంలో నా అనుభవం

డబ్బు నిన్ననే వెనక్కి వచ్చింది. వివరాలు మరిచిపోకముందే రాసేస్తున్నాను.

కొన్నది పాత కెమెరా లెన్స్. వేలం పాట వరకు చిక్కేమీ లేదు. ప్రకటనలోని ఫొటోలను గూగుల్‌లో వెతికితే ఇంకెక్కడా కనిపించలేదు, అంటే వేరేచోటి నుంచి ఎత్తినవిలా లేవు. నేను పెట్టగలిగిన గరిష్ఠ ధర ఒక్కసారే వేసి వదిలేశాను. ఎదుటివాళ్లు పెంచినప్పుడల్లా ఆ హద్దు లోపల సైటే మన తరఫున పెంచుతుంది. అమ్మకందారు రేటింగ్ వంద శాతం. అది ఏం అమ్మితే వచ్చిందో మాత్రం చూడలేదు. చూసి ఉంటే అన్నీ స్టిక్కర్లు, ఫోన్ కవర్లే. చవక సరుకుతో సంపాదించిన రేటింగ్ ఖరీదైన వస్తువుకి పూచీ కాదు.

నాలుగో రోజు ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని పడింది. పార్సెల్ రాలేదు. ఫిర్యాదు పెడితే మర్నాడే మూసేశారు, డెలివరీ రుజువు ఉందట. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే "ఇంట్లో ఎవరైనా తీసుకుని మీకు చెప్పలేదేమో" అన్నారు. డబ్బు పోగొట్టుకున్న మనిషినే అబద్ధాలకోరులా చూశారు. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

ఈ మోసం నడిచే తీరు ఇది. అమ్మకందారు మన ఊళ్లోనే, మన పిన్‌కోడ్‌లోనే వేరే చిరునామాకి ఒక ఉత్త కవరు పంపుతాడు. ఆ ట్రాకింగ్ నంబరే మన ఆర్డర్‌కి తగిలిస్తాడు. ట్రాకింగ్‌లో ఊరు, తేదీ కనిపిస్తాయి తప్ప ఇంటి నంబరు కనిపించదు. ఊరు కలిసింది కాబట్టి సైటు వాడినే నమ్ముతుంది.

నన్ను గట్టెక్కించింది బరువు. కొరియర్ పేజీలో పార్సెల్ బరువు 40 గ్రాములని ఉంది. లెన్స్ ఒక్కటే 600 గ్రాములు. ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీశాను. తర్వాత కొరియర్ ఆఫీసు. "ఎవరికి ఇచ్చారు?" అని అడిగితే చెప్పరు, అవతలివాళ్ల వివరాలు బయటపెట్టకూడదు. అడగాల్సింది ఇలా: "ఈ నంబరు పార్సెల్ మీద ఉన్నది నా చిరునామా కాదని రాసివ్వండి." రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి రాసిచ్చారు. ఆ ఉత్తరం, బరువు స్క్రీన్‌షాట్, లెన్స్ బరువు రాసి ఉన్న ప్రకటన పేజీ, మూడూ జతచేసి అప్పీలు పెడితే తీర్పు మారింది.

మధ్యలో అమ్మకందారు "ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, రేపే డబ్బు వేస్తాను" అని మెసేజ్ పెట్టాడు. ఈ మాటకి ఎవరూ లొంగొద్దు. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో మనమే ఒకసారి మూసిన వివాదం మళ్లీ తెరుచుకోదు. అక్కడ డబ్బు కట్టిన 180 రోజుల్లోపు వివాదం తెరవాలి, తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా (అంటే పేపాల్‌నే తేల్చమని అడగడం) మార్చాలి, లేకపోతే దానంతటదే మూసుకుపోతుంది. తెలిసినవాళ్లకి డబ్బు పంపుకోవడానికి ఉన్న ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ పద్ధతిలో కట్టిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ అసలు ఉండదు. తగ్గింపు ఇస్తానని అలా కట్టమనేవాడి దగ్గర కొననే కొనకండి.

పాట ఓడిపోయాక "గెలిచినవాడు వెనక్కి తగ్గాడు, మీరు తీసుకుంటారా?" అని మెయిల్ వస్తే అందులోని లింకు నొక్కొద్దు. సైటులో లాగిన్ అయ్యి మెసేజ్‌లు చూడండి. నిజమైన అవకాశమైతే అక్కడ కూడా కనిపిస్తుంది.

అమ్మకందారు పేజీలో నా సమీక్షలో తిట్లేమీ రాయలేదు. ప్రకటనలో 600 గ్రాములు, పంపిన కవరు 40 గ్రాములు, వేరే చిరునామా అని మాత్రం రాశాను.