మ్యూజియంలో నేపాల్ దమాహా

ఒక మ్యూజియం సేకరణలోని నేపాల్ దమాహా అనే నగారా లాంటి డోలు ఫొటో చూసినప్పుడు, తిరుపతి గుళ్లలో నగారా వింటూ పెరిగిన నాకు ఆ రాగి గిన్నె పరాయిదిగా అనిపించలేదు. గిన్నె మూతికి బిగించిన తోలును, అడుగుదాకా అల్లిన తోలు వార్లు లాగిపట్టి ఉంచాయి; వార్లు దూర్చిన రంధ్రాలు సాగి కోలగా మారాయి. సన్నాయి, నర్సింగా అనే వంపు కొమ్ముబూర, తాళాలు, త్యామ్కో అనే బుల్లి నగారాలతో కలిసి పంచే బాజా అనే మేళంగా పెళ్లి ఊరేగింపులో మోగవలసిన వాద్యమిది. వాయించేది బట్టలు కుట్టే దమాయి కులంవారు. వారి మేళం లేనిదే శుభకార్యం సాగదు, అయినా వారినే అంటరానివారిగా దూరం పెట్టారు. 1963 నాటి నేపాల్ కొత్త చట్టసంహిత ములుకీ ఐన్ చట్టరీత్యా కులవివక్షను తొలగించినా ఆ బాధ పూర్తిగా తీరలేదు. మన సన్నాయి మేళం వారు పడిన అవమానాలు ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మ్యూజియం వివరాల్లో వాద్యం కొలతల పక్కనే దమాయిల పేరూ తప్పక రాయాలని నా గట్టి అభిప్రాయం.