చీకటిలో కంటికి విశ్రాంతి ఉందా?

నిన్న అమ్మను ఒంగోలులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. పదేళ్లుగా షుగరు. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, కంటి లోపల వెనుకవైపు వెలుగును పట్టే పొర అయిన రెటీనాకు ఫొటో తీశారు. తిరుగు బస్సులో, చీమకుర్తి దగ్గర గెలాక్సీ గ్రానైటు పలకల తళుకుకు అమ్మ కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుంది.

రాత్రి కరెంటు పోయింది. "పోనీలేరా, కళ్లకు కాస్త విశ్రాంతి" అంది. డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. జరిగేది సరిగ్గా తలకిందులు! చీకటిలో, మసక వెలుతురులో చూపునిచ్చే రెటీనాలోని కడ్డీ కణాల ద్వారాలు తెరిచే ఉంటాయి, సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది. దాన్ని బయటికి తోడుతూ, పొటాషియాన్ని లోపలికి తెచ్చే పంపులకు క్షణం తీరిక ఉండదు. బావిలో ఊట ఆగదు, మోటారూ ఆగదు. వెలుగు పడితేనే ద్వారాలు మూసుకుని పంపులకయ్యే శక్తి ఖర్చు తగ్గుతుంది. బరువుతో పోలిస్తే ఆక్సిజన్‌ను అత్యధికంగా వాడే కణజాలాల్లో రెటీనా ఒకటి. పైగా ఆక్సిజన్ అందుతున్నా చాలా గ్లూకోజును పూర్తిగా మండించకుండా లాక్టేటు అనే పదార్థంగా మార్చేస్తుందని 1920ల్లోనే జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ గమనించాడు. ఇంత గ్లూకోజు తినే పొరను రక్తంలో ఎక్కువైన గ్లూకోజే, సన్నని రక్తనాళాలను పాడుచేసి, దెబ్బతీయడం నాకు ఇంకా విడ్డూరంగానే ఉంది.

ఇదంతా చెబితే అమ్మ, "అయితే లైటు వేసుకుని పడుకోమంటావా?" అంది.