'లోడ్' క్యాసెట్ దగ్గర మొదలైన తగువు

1996లో నేను విజయవాడకు దగ్గర్లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో మా పక్క గదిలో ఉండే సీనియర్ దగ్గర అమెరికా రాక్ బృందం మెటాలికా క్యాసెట్లు ఐదు ఉండేవి. వాటిలో రెండే కొన్నవి, మిగిలిన మూడూ ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకున్నవి. ఆ మూడింటి లోపలి కాగితం మీద పాటల పేర్లను, ఒక్కొక్కదాని నిడివిని నీలం సిరాతో గుండ్రటి అక్షరాల్లో ఆయన స్వయంగా రాసుకున్నాడు. టేపు వదులైతే చక్రంలో పెన్సిల్ పెట్టి తిప్పి, బిగించిన తరువాతే ఎవరి చేతికైనా ఇచ్చేవాడు. హెవీ మెటల్ అనే సంగీతం ఒకటుందని నాకు తెలిసింది ఆ క్యాసెట్ల వల్లనే. మొదట్లో నాకది రొదగానే వినిపించింది. పది రోజుల తరువాత ఒక రాత్రి, 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' మొదటి వైపు వింటూ ఉండగా, ఆ రొదలోంచి ఒక్కొక్క వాద్యం విడిగా వినిపించడం మొదలైంది. ఆ తరువాత ఆ సంగీతం నన్ను వదల్లేదు.

ఆ ఏడాది జూన్ 4న మెటాలికా కొత్త ఆల్బమ్ 'లోడ్' విడుదలైంది. క్యాసెట్ మా చేతికి వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. ఆరుగురం టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చున్నాం. మొదటి వైపు అయ్యేసరికి ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. రెండో వైపు మధ్యలో సీనియర్ టేపు ఆపి, లోపలి కాగితం మీది ఫొటోలను చాలాసేపు చూశాడు. భుజాలు దాటిన జుట్టుతో మాకు తెలిసిన ఆ నలుగురూ జుట్టు కత్తిరించుకున్నారు. ఇద్దరి కళ్ళకు కాటుకలా రంగు కూడా ఉంది. "వీళ్ళు మనవాళ్ళు కారురా. అమ్ముడుపోయారు" అన్నాడాయన. ఆ గొంతు ఇంట్లో ఎవరో మోసం చేసినప్పటి గొంతులా ఉంది. నేనూ వెంటనే ఆ మాట అందుకున్నాను. నాలుగు పాటలైనా మనసు పెట్టి వినకుండానే, రెండేళ్ళపాటు కనిపించిన వారందరితోనూ అదే మాట అన్నాను. ఆ మాటలో ఎంత నిజముందో, ఎంత అన్యాయముందో విడదీసి చూడడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా చెవులు విన్నది మాత్రం నిజమే. ఎనభైలలో ఆ బృందం వాయించిన, హెవీ మెటల్లోనే వేగం ఎక్కువైన థ్రాష్ మెటల్‌కు ప్రాణం గాయకుడూ గిటారిస్టూ అయిన జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేతిలో ఉండేది. అరచేతి అంచును గిటార్ బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి, మోతను సగంలోనే అణచివేస్తూ, పిక్‌తో ప్రతి దెబ్బా పైనుంచి కిందికే కొడుతూ, నిమిషానికి రెండువందల తాళాలు దాటిన వేగాన్ని చివరిదాకా నిలబెట్టడం ఆ చేతి పని. ఒక స్నేహితుడి గిటార్ మీద నేను ప్రయత్నిస్తే అర నిమిషానికే ముంజేయి కొయ్యబారిపోయింది. పైగా పాత ఆల్బమ్‌లలో పాట అడుగున నడిచే రిథమ్ గిటార్ అంతా ఆయనే వాయించేవాడు. ఒకే భాగాన్ని మళ్ళీ మళ్ళీ వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల, కుడి చెవిలోనూ ఎడమ చెవిలోనూ ఒకే గోడ నిలబడినట్లు ఉండేది.

'లోడ్'లో ఆ గోడ లేదు. రిథమ్ వాయించే పనిని రెండో గిటారిస్టు కిర్క్ హ్యామెట్ కూడా పంచుకున్నాడు. ఏ ఇద్దరి చేతివాటమూ ఒకలా ఉండదు కనుక, రెండు వైపులా రెండు వేర్వేరు గిటార్లు ఒకదానికొకటి బదులు చెప్పుకుంటున్నట్లు వినిపిస్తాయి. తీగల శ్రుతిని అర మెట్టు దించారు. వేగం తగ్గింది, బ్లూస్ పోకడ వచ్చింది, ఒక పాటలో అమెరికా పల్లెల కంట్రీ సంగీతపు ఛాయ కూడా వచ్చింది. హెట్‌ఫీల్డ్ గర్జించడం తగ్గించి గొంతు విప్పి పాడాడు. 14 పాటలతో ఆల్బమ్ నిడివి సుమారు 79 నిమిషాలైంది. ఒక సీడీలో అంతకుమించి పట్టదు కాబట్టి చివరి పాటను కొంత కత్తిరించవలసి వచ్చింది. వేగం, శ్రుతి, గొంతు, రెండు గిటార్ల తేడా వీటన్నిటినీ సీనియర్ మొదటిసారి వింటూనే పట్టుకున్నాడు. వేళ్ళు మడిచి ఒక్కొక్కటీ చెప్పాడు. వాటిలో ఒక్కటీ తప్పు కాదు.

నిజానికి ఈ తగువు మాతో మొదలైంది కాదు. 1984లో రెండో ఆల్బమ్‌లోనే, అకూస్టిక్ గిటార్‌తో మెల్లగా మొదలయ్యే పాట ఒకటి వచ్చినప్పుడు, వీళ్ళు అప్పుడే మెత్తబడ్డారని అన్నవారున్నారు. ఆ తరువాత 1988 నాటి 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' మరీ మెలికలు తిరిగిన, పొడవైన పాటలతో వచ్చింది. ఆ ఆల్బమ్‌లో బాస్ గిటార్ దాదాపు వినిపించదు. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బాస్ వాయించే క్లిఫ్ బర్టన్ మరణించాక ఆ స్థానంలోకి వచ్చినవాడు జేసన్ న్యూస్టెడ్. కొత్తగా వచ్చినవాడి వాద్యాన్ని అలా మింగేయడాన్ని మా సీనియర్ ఎన్నడూ క్షమించలేదు. టేప్‌రికార్డర్‌లో బాస్ పెంచే మీటను చివరిదాకా తిప్పి, స్పీకర్ గుడ్డకు చెవి ఆనించి, జేసన్ కోసం వెతికేవాడు.

ఆ పొడవైన పాటలను వేదిక మీద వాయిస్తున్నప్పుడు ముందు వరుసలోని వారి ముఖాల్లో విసుగు కనబడిందని బృందంలోని వారే తరువాత చెప్పుకున్నారు. ఆ అనుభవం నుంచే 1991లో, నిర్మాత బాబ్ రాక్ చేతుల మీదుగా, అందరూ బ్లాక్ ఆల్బమ్ అని పిలిచే ఆల్బమ్ వచ్చింది. పాటలు పొట్టివయ్యాయి, రిఫ్‌లు, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ పలుకులు, సరళమయ్యాయి, బాస్ బరువుగా వినిపించింది. అమెరికాలోనే కోటీ అరవై లక్షలకు పైగా అమ్ముడైంది. పాత అభిమానులకు అసలు గాయమైంది అక్కడేనని నా నమ్మకం. చేతులు మారుతూ, ఒకరి టేపు నుంచి ఒకరు ఎక్కించుకుంటూ, తమకు మాత్రమే తెలిసిన రహస్యంలా కాపాడుకున్న సంగీతం రాత్రికి రాత్రి ఊరందరిదీ అయిపోయింది. 'లోడ్' వచ్చేసరికి ఆ పుండు పచ్చిగానే ఉంది.

మేము పొరబడింది ఎక్కడంటే, విన్నదానికి కారణం కూడా మాకు తెలుసుననుకోవడంలో. వేగం తగ్గిందని చెవి చెబుతుంది. డబ్బు కోసం తగ్గించారని చెవి చెప్పదు, ఆ మాట మనసు కల్పించుకుంటుంది. మేమందరం ఎక్కువగా ఈసడించుకున్నది ఆ కంట్రీ ఛాయ ఉన్న పాటనే. అది ఒక కొడుకు చనిపోయిన తల్లితో మాట్లాడుకునే పాట అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. హెట్‌ఫీల్డ్ తల్లిదండ్రులు క్రిస్టియన్ సైన్స్ విశ్వాసులు. ఆ విశ్వాసం వైద్యాన్ని వద్దంటుంది. ఆయనకు పదహారేళ్ళప్పుడు తల్లి క్యాన్సర్‌తో, వైద్యం లేకుండానే కన్నుమూసింది. 'లోడ్' నుంచి ముందుగా విడుదలైన పాట కూడా ఆ జబ్బు నీడలోనే పుట్టింది. ఇది తెలిశాక ఆ రెండు పాటలనూ మళ్ళీ విన్నాను. నిమిషానికి రెండువందల తాళాల వేగంతో చెప్పుకోగలిగిన మాటలు కావవి. ఆ రాత్రి నేను నిజంగా సిగ్గుపడ్డాను.

అయితే అనుమానమంతా అభిమానుల కల్పనే అనడం కూడా న్యాయం కాదు. ఆ కాలపు వేషం, ఫొటోల ధోరణి తనకు నచ్చలేదని, తమను తాము కొత్తగా మలచుకోవాలన్న పట్టుదల ఎక్కువగా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్, కిర్క్ హ్యామెట్‌లదని, ఆల్బమ్‌తో ఇచ్చే చిన్న పుస్తకంలో వేయవలసిన ఫొటోలు సగం తానే తీసేయించానని హెట్‌ఫీల్డ్ కొన్నేళ్ళ తరువాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అంటే మా హాస్టల్ గదిలో జరిగిన తగువే ఆ బృందం లోపల కూడా జరిగింది. పాట గురించి మేము తొందరపడ్డాం గాని, ఫొటోలు చూసి సీనియర్ ముఖం ముడుచుకోవడంలో తప్పు లేదు.

మా ఇంట్లో రెండో పక్షం మా తమ్ముడిది. వాడు నాకన్నా ఏడేళ్ళు చిన్న. శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి 1999లో ఆ బృందం చేసిన కచేరీ రికార్డింగ్‌తో వాడికి ఈ సంగీతం పరిచయమైంది. అందులో 'లోడ్' పాటలు చాలానే ఉన్నాయి. వాడికి మెటాలికా అంటే ఆ నెమ్మది పాటలే, ఎనభైల నాటివి ఎవరో తరుముతున్నట్లు ఉంటాయనేవాడు. "నువ్వెప్పుడూ పాతవాటి పక్కన పెట్టి వింటావన్నయ్యా. ఒక్కసారి దీన్నొక్కదాన్నే విను" అని ఒక రోజు హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించాడు. రెండు గిటార్లు రెండు వైపుల నుంచి మాట్లాడుకుంటాయని పైన రాశానే, దాన్ని లోపంగా కాక అందంగా మొదటిసారి విన్నది ఆ రోజే. ఎవరు ఏ ఆల్బమ్‌తో లోపలికి అడుగుపెట్టారో వారికి అదే అసలైన బృందమవుతుంది. మా సీనియర్ 1991కి ముందే వచ్చాడు, మా తమ్ముడు 1999లో వచ్చాడు, వాళ్ళిద్దరూ ఏకీభవించే అవకాశం మొదటినుంచీ తక్కువే.

2003 నాటి 'సెయింట్ యాంగర్' గురించి మాత్రం మా ఇంట్లో తగువు లేదు. గిటార్ ఒంటరిగా విజృంభించే సోలోలు లేవు, స్నేర్ డ్రమ్ము రేకుడబ్బాను కొట్టినట్లు మోగింది, ఇద్దరికీ నచ్చలేదు. 2008లో 'డెత్ మాగ్నెటిక్' పాత పద్ధతికి తిరిగి వచ్చింది. పొడవైన పాటలు, సోలోలు, వేగం అన్నీ వచ్చాయి. అడిగినదంతా ఇచ్చారు కదా అనుకునేలోగా అభిమానులు మళ్ళీ మండిపడ్డారు, ఈసారి రికార్డింగ్ మీద. అదే ఆల్బమ్ ఒక వీడియో గేమ్‌లో కూడా విడుదల కావడంతో రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నారు. గేమ్‌లోని పాటలు శుభ్రంగా ఉన్నాయి, సీడీలోవి శబ్దాన్ని విపరీతంగా పెంచడం వల్ల నలిగి, పగిలి వినిపించాయి. మళ్ళీ మిక్స్ చేయాలని వేలమంది సంతకాలు చేశారు. మాస్టరింగ్, అంటే రికార్డింగ్‌కు చివరి మెరుగులు దిద్దే పని, చేసిన ఇంజినీరు కూడా పాటలు తన దగ్గరికి వచ్చేటప్పటికే అలా నలిగి ఉన్నాయని ఒప్పుకున్నాడు. అభిమాని చెవిని తక్కువగా చూసేవారికి నేను ఎప్పుడూ గుర్తుచేసేది ఈ సంగతినే.

2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు, మా తమ్ముడూ నేనూ హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వెళ్ళాం. రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగవలసిన కచేరీ రద్దయినందువల్ల, వేదిక మీదికి వాళ్ళు వచ్చేదాకా మాకు నమ్మకం లేదు. మా ముందు ఒక నలభై ఏళ్ళు దాటిన ఆయన, వెలిసిపోయి బూడిదరంగుకు తిరిగిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' టీషర్టుతో నిలబడి ఉన్నాడు. బ్లాక్ ఆల్బమ్‌లోని 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' మొదలైంది. బృందం మెత్తబడిపోయిందనడానికి 1991లో అందరూ సాక్ష్యంగా చూపించిన పాట అది. ఆయన కళ్ళు మూసుకుని మొదటి మాట నుంచి చివరి మాట దాకా పాడాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆ పాట గురించి ఆయన ఏమన్నాడో నాకు తెలియదు. అడగాలనీ అనిపించలేదు.

2025 జూన్‌లో 'లోడ్'ను కొత్తగా మాస్టరింగ్ చేసి మళ్ళీ విడుదల చేశారు. మా సీనియర్ ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. వాళ్ళబ్బాయి ఆ రికార్డు కొని తెచ్చుకున్నాడట. ఒక ఆదివారం ఉదయం నాకు ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, ఇందులో జేసన్ ఎంత బాగా వాయించాడురా. ప్రతి స్వరమూ వినబడుతోంది" అన్నాడు. కొంచెం ఆగి, "ఆ రోజు మనం రెండో వైపు పూర్తిగా విన్నామా?" అని అడిగాడు.

"లేదన్నా. మధ్యలో నువ్వే ఆపేశావు."

"అయితే ఉండు, చివరి పాట వస్తోంది" అంటూ ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాడు. దాదాపు పది నిమిషాల పాట అది. అయ్యేదాకా ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.