ఆ గీత మీద నిలబడ్డావా?

మాది మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డున ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, కాలేజీకి పోయాక ఇంగ్లీషు. చిన్నప్పుడు కాళేశ్వరం పోవాలంటే నావ కోసం ఒడ్డున ఎదురుచూపులు. ఇప్పుడు వంతెన మీద ఆటోలో పోయి దర్శనం చేసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తున్నాం. నాగపూర్‌లో ఎమ్మెస్సీ జియాలజీ అయ్యాక పీహెచ్‌డీకి ప్రాణహిత-గోదావరి బేసిన్ తీసుకున్నానని చెబితే అమ్మ "నీళ్ళ గురించా?" అంది. నీళ్ళు కాదమ్మా, ఎప్పుడో ఆ నీళ్ళు తెచ్చి పోసిన ఇసుకా మట్టీ అన్నాను. "ఇసుక చదవడానికి నాలుగేళ్ళా?" అంది. ఆరేళ్ళు పట్టింది.

విషయం క్లుప్తంగా ఇది. మా నేల కింద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన పొడవాటి పగులు లోయ ఉంది. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట మొదలై ఆ నేల కుంగుతూ పోయింది, కుంగినకొద్దీ నదులు పూడుస్తూ పోయాయి. అడుగున హిమనదాలు వదిలిన గుండ్రాళ్ళున్న తాల్చీర్ పొర, దాని పైన సింగరేణి తవ్వుతున్న బొగ్గున్న బరాకర్, ఆపైన కామ్ఠీ ఇసుకరాళ్ళు, మలేరి ఎర్రమట్టి, ధర్మారం, కోట. ఈ కోట మా ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట ఊరే, పొరకు దాని పేరే పెట్టారు. 1850ల నాటికే అక్కడి సున్నపురాయిలో చేపల శిలాజాలు దొరికాయి. కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టిన బరపాసారస్ డైనోసార్ కూడా ఈ కోట పొరదే. 1961లో, టాగూర్ శతజయంతి ఏడు, తవ్వారు కాబట్టి 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. బరపా అంటే బెంగాలీలో పెద్దకాలు. మా ఊళ్ళో పిల్లలకు ఈ సంగతి చెబితే "మరి మనకేమిచ్చిన్రు?" అని అడిగారు. జవాబు దొరకలేదు.

పొరలన్నీ మొత్తం మీద ఈశాన్యానికి మెల్లగా వాలి ఉంటాయి. అంచేత మంచిర్యాల వైపు నుంచి మా వైపు నడుస్తుంటే పాత పొరల మీద నుంచి కొత్త పొరల మీదకు వస్తుంటాం. కొత్తవంటే కోట పొర, దాని వయసు సుమారు 18 కోట్ల ఏళ్ళు.

మొదటి ఏడాదంతా కాయితాలకే పోయింది. అడవిలో అడుగు పెట్టడానికి ఒక ఉత్తరం, రాయి ముక్క బయటికి తేవడానికి ఇంకోటి, ఫలానా తేదీల్లో ఫలానా వాగులో ఉంటానని ఠాణాలో ఒకటి. ఒక కార్యాలయంలో నా దరఖాస్తు ఐదు నెలలు కదల్లేదు. చివరికి తెలిసిందేమిటంటే "నమూనా సేకరణ" అన్న మాటను వాళ్ళు గనుల లీజు అనుకున్నారు. "చేతి సంచిలో పట్టేంత రాయి" అని మార్చి రాసిచ్చాను, వారంలో సంతకమైంది.

రెండో ఇబ్బంది మా ఊరు ఉన్నచోటే. 80 డిగ్రీల రేఖాంశం సిరోంచ పక్క నుంచే పోతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో, అంటే ముక్కలుగా అచ్చేసిన నేల పటాల్లో, ఊరు 56 ఎన్/13లో, తూర్పున అడవి 65 బి/1లో. అంటే నా పని ఎప్పుడూ రెండు కాయితాల అతుకు మీదే. పైగా పాత షీట్లు ఎవరెస్ట్ కొలమానం మీద గీసినవి, చేతిలో జీపీఎస్ చూపేది డబ్ల్యూజీఎస్-84 అనే వేరే కొలమానంలో. మార్చుకోకుండా చుక్కలు పెట్టాను. మొదటి వారం నా నమూనాల్లో మూడు నట్టనడి ప్రాణహితలో పడ్డాయి. మామయ్య మ్యాప్ చూసి "ఈత ఎప్పుడు నేర్చినవే?" అన్నాడు.

అసలు రుచి తెలిసింది కామ్ఠీ ఇసుకరాళ్ళ దగ్గర, నది అవతల భీమారం వైపు. నదిలో ఇసుక తిన్నె ముందుకు జరుగుతూ ఉంటే దాని కిందివాలు మీద రేణువులు జారి పొర మీద పొర కడతాయి. ఆ ఏటవాలు ఎటుందో అటే నీరు పోయిందన్నమాట. దిక్కూ వాలూ చూపే బ్రంటన్ కంపాస్ పట్టుకుని ఒక్కో చోట పాతిక వాలులైనా కొలిచి, ఏ దిక్కుకు ఎన్ని వాలులో రేకుల్లా చూపే గులాబీ పటం గీస్తే రేకులు దాదాపు అన్నీ ఉత్తరానికీ వాయవ్యానికీ తిరిగాయి. ఈ మాట నాకంటే ముందువాళ్ళు ఎప్పుడో తేల్చారు, నేను పుస్తకాల్లో చదివిందే. అయినా రోజంతా రాళ్ళ మీద వంగి వంగి కొలిచి, సాయంత్రం గోదారి గట్టున కూచుని ఆగ్నేయానికి పోతున్న నీళ్ళు చూస్తుంటే తల తిరిగినట్టయింది. ఇదే లోయలో, ఇదే బారున, ఒకప్పుడు నది ఎదురు పోయింది.

ఇక నా ఘనకార్యం. మూడో ఏడు ముసాయిదా మ్యాప్ తీసుకుని గైడు సారు దగ్గరికి పోయాను. అందులో ఉపగ్రహ చిత్రం చూసి గీసిన ఫాల్ట్, అంటే భూమి పగిలి రాళ్ళు జరిగిన చోటు, ఒకటుంది. అడవిలో ఆరు కిలోమీటర్లు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కనబడ్డ గీత. దానికి ఇటూ అటూ కోట సున్నపురాయి కూడా రెండు వందల మీటర్లు జరిగినట్టుంది. ఇంకేం కావాలి? నల్లగా, లావుగా గీసేశాను. సారు ఎర్ర పెన్సిలు దాని మీద ఆనించి, "ఈ గీత మీద నిలబడ్డావా?" అన్నారు.

నిలబడలేదు.

మా శాస్త్రంలో కళ్ళతో చూసిన హద్దుకు నిండుగీత, ఊహించినదానికి తెంపుగీత, మట్టి కింద దాగిందనుకుంటే చుక్కలు. మొదటి ఏడే నేర్పుతారు. కానీ తెంపుగీతలు ఎక్కువైతే మ్యాప్ బీదగా కనబడుతుందని భయం. ఆ భయంతోనే నేనూ నిండుగా గీశాను.

మామయ్యతో మళ్ళీ అడవికి పోయాను. గీత ఉన్నచోట బల్లపరుపు నేల, మధ్యలో చెట్టు లేదు, పక్కన టేకు. ఫాల్ట్‌కు గుర్తుగా నలిగిన రాయి కోసం, గీతలు పడ్డ నున్నటి రాతి ముఖం కోసం సుత్తి పట్టుకుని పొద్దంతా వెతికాను. మేకలు తోలుకొస్తున్న ఒక తాత కాసేపు చూసి అడిగాడు.

"ఏం పోగొట్టుకున్నవు బిడ్డా?"

"భూమి ఇక్కడ పగిలిందేమోనని చూస్తున్న తాతా."

"పగులుడేంది? గిది బండ్ల బాట. మా తాతలు టేకు దుంగలు గుంజుకపోయిన బాట. తర్వాత జంగ్లాతోళ్ళు మంట దాటకుండ ఎడల్పు చేసిన్రు." చేతికర్రతో ఆకులు పక్కకు జరిపాడు. చక్రాలు కోసిన రెండు గాడులు, సమానంగా.

మరి సున్నపురాయి జరగడం? అది నేల ఎత్తుపల్లాల మాయ. ఐదు డిగ్రీల వాలున్న పొర మీద నేల ఇరవై మీటర్లు దిగితే, పటం మీద దాని అంచు రెండు వందల మీటర్ల పైచిలుకు జరుగుతుంది. మధ్యలో వాగు ఉంది. రెండో సంవత్సరం ప్రాక్టికల్లో చేయించే లెక్కే అది. తాత చెప్పేదాకా గుర్తు రాలేదు.

అప్పటి నుంచి బావుల వెంట పడ్డాను. మా వైపు రాయి బయటికి తేలేది వాగు కోతల్లో, ఒడ్డు గట్టుల్లో. మిగతాదంతా నదిమట్టి, పొలాలు, అడవి. కింద ఏముందో తెలిసేది బోరు వేసినప్పుడే. తిరుచెంగోడు బోరు బండి ఊళ్ళోకి వచ్చిందంటే నాకు కబురొచ్చేది. ఒక్కో రాడ్డు దిగాక బయటికొచ్చే పొడిని ఒక కుప్పగా పోసి ఉంచమని బతిమాలుకునేదాన్ని. డ్రిల్లరు అన్నకు మా మట్టంటే మంట. మెత్తటి ఎర్రమట్టి కూలుతూ ఉంటే కేసింగ్ దింపుతూనే ఉండాలి, అడుగుకింత అని రైతు గొడవ. ఆ గొడవ నడుస్తుండగా నేను నేల మీద గొంతుక్కూర్చుని కుప్పలు చూసుకునేదాన్ని. ఎరుపు, ఎరుపు, ఎరుపు, తర్వాత పాలిపోయిన బూడిదరంగు. సీసాలోంచి పలచటి యాసిడ్ ఒక్క చుక్క. బుస్సుమని నురగ లేచిందంటే సున్నపురాయి తగిలినట్టే. పిల్లలు "సోడా, సోడా" అని గంతులు. రైతు మాత్రం నురగ చూసి "నీళ్ళు పడుతయా మేడం?" అనేవాడు. ఆ ప్రశ్నకు ప్రతిసారీ మొహం చెల్లేది కాదు.

మోడలింగ్ గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే దాంట్లో ఎక్కువ భాగం లాప్‌టాప్ ముందు జుట్టు పీక్కోవడం. పైపొర నుంచి ఒక్కోటీ వలుచుకుంటూ పోవాలి. బరువు తీసేశాక కింది పొర అప్పట్లో ఎంత మందంగా ఉండేదో ఉబ్బించి లెక్కగట్టాలి. అలా నేల ఏ కాలంలో ఎంత కుంగిందో తేల్చాలి. దీనికి అందరూ వాడే అంకెలు ఉత్తర సముద్రం నుంచి 1980లో వచ్చినవి: ఇసుక పోసినప్పుడు 49 శాతం ఖాళీలు, బంకమట్టిలో 63 శాతం, లోతుకు పోయినకొద్దీ ఇంత చొప్పున తగ్గుతాయని. సముద్రపు అంకెలు మా నదుల ఇసుకకు. సరే, మొదలుపెట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నొక్కుకుపోయిన రాయి బరువు తీసేసినా తిరిగి ఉబ్బదు. ఇవాళ నేల మీదే ఉన్న ఇసుకరాయిలో ఖాళీలు తక్కువుంటే ఒకప్పుడు దాని నెత్తిన చాలా మందం ఉండి, తర్వాత కొట్టుకుపోయిందన్నమాట. ఖాళీలు 25 శాతమే అనుకోండి, ఆ 1980 సూత్రం ప్రకారం నెత్తిన రెండున్నర కిలోమీటర్ల రాయి ఉండేదని వస్తుంది. నేనూ అదే రాసుకుని మురిసిపోయాను. సారు ఆ రాయి నుంచి పలచగా కోసిన పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి "మళ్ళీ చూడు" అన్నారు. ఖాళీలు తెలియడానికి నీలిరంగు జిగురు ఎక్కించి కోసిన పలక అది. రేణువుల మధ్య నీలం ఉన్నచోట ఉంది. లేనిచోట కొంత కాల్సైట్, నీళ్ళు మోసుకొచ్చి నింపిన సున్నపు సిమెంటు. అంటే ఆ జాగా బరువుకు మూసుకోలేదు, తర్వాత పూడింది. ఆ సిమెంటు 10 శాతం ఉంటే దాన్నీ ఖాళీ కింద లెక్కేయాలి. 35 శాతం పెట్టి చేస్తే రెండున్నర కిలోమీటర్లు కాస్తా ఒకటింబావుకు దిగింది. ఒక్క పలకతో సగం కొండ మాయం! ఆ వారం ఎవరితోనూ మాట్లాడలేదు.

చివరికి థీసిస్‌లో నెత్తిన పోయిన మందానికి ఒక్క అంకె ఇవ్వలేదు, ఇంత నుంచి ఇంత దాకా అని రాశాను. పరీక్షకుల్లో ఒకరు "ఇంత వెడల్పా?" అన్నారు. ఇంకొకరు మ్యాప్ మీద తెంపుగీతలు చూసి నవ్వారు. వాదించలేదు. డిగ్రీ వచ్చింది.

మొన్న మార్చిలో మామయ్య ఫోన్‌లో ఫొటో పంపాడు. పక్క ఊళ్ళో కొత్త బోరు. నేను అడక్కపోయినా డ్రిల్లరు అన్న కుప్పలు వరసగా పోయించాడు. ఆరో కుప్ప దాకా ఎరుపు, ఏడో దాంట్లో బూడిదరంగు. ఆ పొలం నా తెంపుగీతకు అవతల ఉంది. నా లెక్కలో అక్కడ సున్నపురాయి అంత పైన ఉండకూడదు.

"యాసిడ్ ఉందా?" అని మెసేజ్ పెట్టాను.

"లేదు. ఒక్క కవర్ల కట్టి పెట్టిన. పండుగకొస్తవు కదా" అన్నాడు.

ఏడో కుప్ప ఒక్కటే కాదు, ఆరోదీ ఎనిమిదోదీ కూడా కట్టి, ఏది ఏదో కవరు మీద పెన్నుతో రాయమని చెప్పాను.