ఆవర్జా పుస్తకాల్లో మా అబ్బ

గుత్తి దగ్గరి మా ఊళ్ళో మా అబ్బను (తాతను) పెద్దవాళ్ళు ఇప్పటికీ బుడ్డల (వేరుశనగకాయల) మిషనాయన అనే తలుచుకుంటారు. ఆయన మాత్రం ఎవరడిగినా సేద్యం చేసుకుంటామనే చెప్పేవారు. ఆ సేద్యానికీ ఆ మిషనుకూ నడుమ ఉన్న సంబంధమే మా ఇంటి చరిత్ర అని, అటక మీది ట్రంకుపెట్టెలో ఉన్న ఆవర్జాలు, అంటే ఆయన ఖాతా పుస్తకాలు, చదివాక నాకు అర్థమైంది.

ఇంట్లో చెప్పుకునే కథ ధాత కరువుతో మొదలవుతుంది. 1876–78 నాటి ఆ కరువులో పశువులన్నీ పోయి ఇద్దరన్నదమ్ములు మిగిలారని, అందులో చిన్నవాడి సంతతి మేమని అంటారు. దత్తమండలాల్లో కలెక్టరు థామస్ మన్రో పెట్టిన రైత్వారీ పద్ధతిలో శిస్తు రైతు పేరనే కట్టించుకునేవారు కాబట్టి, పాత లెక్కల్లో పేర్లు దొరుకుతాయన్న ఆశతో వెతికితే, డైగ్లాటులో (సర్వే నంబర్ల వారీ పాత భూమి రికార్డు పుస్తకంలో) మా ముత్తాత పేరు, సర్వే నంబరు, శిస్తు అణాలతో సహా కనిపించాయి. (ఆ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట సమాధి చేసింది మా గుత్తిలోనే.) కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి గానీ, వాళ్ళు వాడిన ఆ పుస్తకం అవసరం పోలేదు.

మాది ఎర్రనేల, వానాధారం. కొర్ర, జొన్న తిండికి పోగా అమ్మడానికి మిగిలేది తక్కువ. వేరుశనగ వచ్చాకే చేతిలో రూపాయి ఆడింది. ఊరికి కరెంటు రాకముందే అబ్బ ఆయిల్ ఇంజనుతో నడిచే మిషను పెట్టి, బుడ్డలు ఒలిపించి పప్పును ఆదోనికి తోలేవారు. రైతు మూట విప్పగానే దోసెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఆడించేవారు. బాగా ఎండిన కాయలో గింజ గలగలలాడుతుంది, పచ్చిది పలకదు. తర్వాత కొన్ని కాయలు తూచి, ఒలిచి, పప్పును మళ్ళీ తూచేవారు. నూరు కిలోల కాయకు డెబ్బై కిలోల పప్పు దిగితే మంచి సరుకు. కాయ ఊరే వేళకు వాన తప్పితే ఆ లెక్క పడిపోయేది, దానితోపాటే ధరా పడేది.

ఆవర్జాల్లో నాకు బాగా నచ్చింది హేవిళంబి పుస్తకం, అంటే 1957–58 నాటిది. అప్పుడే నయాపైసలు వచ్చాయి. అణా అంటే ఆరుంబావు నయాపైసలు, ఆ పావును ఎక్కడ కలపాలన్నది చిక్కు. లోపలి అట్ట మీద అబ్బ ఒకటి నుంచి పదహారు అణాల దాకా పట్టీ వేసుకుని, రెండు చోట్ల కొట్టివేసి మళ్ళీ రాసుకున్నారు.

విత్తే ముందు రైతులకు కాయలు నాగుకు (వడ్డీ అప్పుగా) ఇచ్చి, పంట వచ్చాక మూటకు మూటన్నర చొప్పున తీసుకోవడం అంగడి పద్ధతి. తీసుకున్నవాడూ రైతే, ఇచ్చినవాడూ రైతే కావడంతో వాన రాని ఏడు మా చేనూ ఎండేది, మా బాకీలూ ఎండేవి. అలాంటి ఒక ఏడు మిషను నిలిచిందంటే అవ్వ కాసులపేరు తాకట్టుకు పోయినందువల్లనే. పద్దులో ‘ఇంటి సొమ్ము జమ’ అని ఉంది, అవ్వ పేరు లేదు.

వంక పక్క చేను బుడ్డల లాభంతో కొన్నదని చిన్నప్పటినుంచీ విన్నాను. ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం) తీయించి చూస్తే, అమ్మిన రైతు పేరు వరుసగా మూడేళ్ళ ఆవర్జాల్లో బాకీదారుగా ఉంది. క్రయపత్రం రాసిన నెలలోనే ఆ పద్దుకు అడ్డగీత పడింది. బయటి షావుకారయితే ఇంకా తక్కువకే రాయించుకునేవాడని మా నాయన అంటారు. అది నిజమే కావచ్చు, అబ్బ తూకంలో మోసం చేశారని ఇప్పటికీ ఊళ్ళో ఎవరూ అనరు. అయినా మా భూమి పెరిగింది మంచి ఏళ్ళలో కన్నా కరువు ఏళ్ళలోనే ఎక్కువని ఆ పుస్తకాలే చెబుతున్నప్పుడు, దాన్ని వదిలేసి రాయడం నాకు సరిగా తోచలేదు.

పెద్ద మిల్లుల పోటీకి తట్టుకోలేక మిషను మూతపడింది, చేను మిగిలింది. ఆ రైతు మనవడే ఇప్పుడు దాన్ని మా దగ్గర కౌలుకు చేస్తూ, ఈసారి కదిరి-6 రకం వేరుశనగ విత్తుకున్నాడు. ఆ అమ్మకం గురించి వాళ్ళింట్లో ఏమని చెప్పుకుంటారో అడిగి, అతను ఒప్పుకుంటే అదీ ఇక్కడే రాస్తాను.