ఆరు నెలలు ఊరు కదలకుండా

నారాయణపేట జిల్లా మద్దూరు వైపు పల్లెల్లో వలస కొత్త సంగతి కాదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి తరతరాలుగా జనం మట్టి పనికి, రాతి పనికి, భవన నిర్మాణానికి ముంబై, పుణె నగరాలకు వెళ్తూనే ఉన్నారు. పాలమూరు లేబర్ అన్న పేరు వాళ్ల చెమటతో వచ్చిందే. మా నాన్న పార పట్టుకుని వెళ్లాడు. నేను ఇంటర్ దాకా చదివినందువల్ల పుణెలో ఒక గుంపు మేస్త్రీ దగ్గర హాజరు పుస్తకం రాసే పనిలో కుదిరాను. పేరుకు రాత పనే అయినా, సిమెంటు బస్తాలు దింపే చోట, రాయి కోసే చోట నిలబడి లెక్క రాసుకోవాలి కాబట్టి రోజంతా ఆ దుమ్ములోనే గడిచేది. రాత్రి పడక రేకుల షెడ్డులో, గాలి ఆడని గదిలో, ఒకరి పక్కన ఒకరం.

2022 ఎండాకాలంలో దగ్గు పట్టుకుంది. అక్కడి ఒక ప్రైవేటు క్లినిక్‌లో దుమ్ము వల్ల వచ్చిందేనని చెప్పి సిరప్ రాసిచ్చారు. కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ తిరగబెట్టింది. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడేది. నడిరాత్రి చెమటకు బనియను తడిసి ముద్దయ్యేది. ప్యాంటు నడుము దగ్గర నిలవక తాడు కట్టుకోవలసి వచ్చింది. చివరికి ఒకరోజు తెమడలో నెత్తుటి జీర కనబడింది. మేస్త్రీ నన్ను పక్కకు పిలిచి, "అరే, ముందుగాల ఊరికి పో. పానం మంచిగైనంక రా" అని చెప్పి బస్సు ఎక్కించాడు. ఆయన మాటలో దయ ఉంది, భయమూ ఉంది. ఒకే కప్పు కింద పడుకునే మనుషులకు ఆ భయం ఉండటం న్యాయమేనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఊరికి చేరగానే ఆశ కార్యకర్త అక్క ఇంటికి వచ్చి చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చింది. "తమ్మీ, ఉమ్మి కాదు. పొద్దుగాల లేవంగనే నోరు పుక్కిలించి, గట్టిగ ఊపిరి గుంజి, లోపటి నుంచి దగ్గి తీసింది గావాలె" అని ఆమె చేసి చూపించిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు ఉంది. ఆ తెమడను సీబీనాట్ అనే యంత్రంలో పరీక్షించారు. క్షయ క్రిమి ఉందో లేదో, ఉంటే అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో ఆ యంత్రం రెండు గంటల్లోనే తేలుస్తుంది. నాలో క్రిమి ఉంది. అయితే అది మందుకు లొంగేదే. ఆ రెండో మాట విన్న తరువాతే మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగిలిన మూడు. వీటిని ఒకే మాత్రలో కలిపి ఇస్తారు. రోజుకు ఎన్ని మాత్రలన్నది మనిషి బరువును బట్టి నిర్ణయిస్తారు. మందుకు పైసా తీసుకోరు. మూత్రం ఎర్రగా వస్తుందని, అది రిఫాంపిసిన్ రంగే తప్ప రక్తం కాదని ముందుగానే చెప్పారు కాబట్టి మొదటి రోజు బెదరలేదు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా వెంటనే రమ్మన్నారు. ఆ రెండూ నాకు రాలేదు గానీ, మొదటి నెలంతా కడుపులో తిప్పడం, మోకాళ్ల నొప్పులు వదలలేదు. మా అమ్మ నా పళ్లెం, గ్లాసు వేరు చేసి పెట్టింది. టీబీ సూపర్‌వైజర్ గారు వచ్చి ఈ జబ్బు పళ్లేల వల్ల కాదు, దగ్గినప్పుడు గాలి ద్వారా అంటుకుంటుందని, మందు సరిగా వాడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం చాలావరకు పోతుందని ఓపికగా చెప్పి, కిటికీలు తెరిపించారు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించారు. పళ్లెం మాత్రం మరికొన్నాళ్లు వేరుగానే ఉంది. అమ్మ మీద నాకు కోపం రాలేదు, ఆమె కాలంలో ఈ జబ్బుతో మనుషులు పోవడమే ఆమె చూసింది.

రెండో నెలలో ఒక పూట జొన్న రొట్టె, పుంటికూర పప్పు ముందు పెడితే రెండో రొట్టె నేనే అడిగాను. అప్పటి నుంచి బరువు పెరగడం మొదలైంది, దగ్గు ఆగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మేస్త్రీ ఫోన్ చేశాడు, కొత్త సైటు మొదలైంది రమ్మని. ఇంట్లో అప్పు ఉంది, తీసుకున్న అడ్వాన్సు తీరలేదు, ఒంట్లో కాస్త సత్తువ వచ్చింది. మా ప్రాంతంలో ఎంతోమంది మందు ఆపేసి బస్సు ఎక్కేది ఈ ఘడియలోనే. సగంలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికెత్తవచ్చు, అప్పుడు చికిత్స మరింత కఠినమవుతుంది. అందుకని రానని చెప్పేశాను. ఆ ఆరు నెలలు మా ఆవిడ నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి వెళ్లి ఇల్లు నడిపింది. క్షయ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే ని-క్షయ్ పోషణ్ సాయం కింద అప్పట్లో ఖాతాలో పడే నెలకు 500 రూపాయలు గుడ్లకు, పప్పుకు సరిపోయేవి. 2024 నవంబరు నుంచి ఆ సాయాన్ని 1,000 రూపాయలకు పెంచారు.

పనికి వెళ్లలేని మనిషిగా అరుగు మీద కూర్చున్నప్పుడే నా జీవితం మలుపు తిరిగింది. చదువుకున్నవాడు ఇంటి దగ్గరే ఉన్నాడని తెలిసి వాడకట్టులోని వాళ్లు ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు పట్టుకుని వచ్చేవారు. పింఛను దరఖాస్తు, బ్యాంకు చీటీ, ఆధార్‌లో తప్పు పడిన పేరు, అన్నీ అందులోనే ఉండేవి. ఇరవై ఏళ్లు గోడలు కట్టిన మనుషులకు కూడా భవన నిర్మాణ కార్మికులుగా నమోదు లేకపోవడం నన్ను కలచివేసింది. అప్పట్లో అమల్లో ఉన్న 1996 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిది, అరవై ఏళ్ల మధ్య వయసుండి, గడచిన పన్నెండు నెలల్లో తొంభై రోజులు నిర్మాణ పని చేసినవారు లబ్ధిదారులుగా నమోదు కాగలిగేవారు. వాళ్ల హాజరు ఏళ్ల తరబడి నా చేత్తో రాశాను గానీ, ఆ హాజరుకు ఇంత విలువ ఉందని అరుగు మీదనే తెలుసుకున్నాను. చికిత్స ముగిశాక పాత కంప్యూటరు ఒకటి కొని, మండల కేంద్రంలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం పెట్టుకున్నాను. పుణెలో వచ్చినంత రాదు, ఇల్లు గడుస్తుంది. అంతకుముందు సగం ఏడు అక్కడ, సగం ఏడు ఇక్కడ అన్నట్లు చదివిన మా బాబు ఆ ఏడాదే మొదటిసారి ఒకే బడిలో మొదటి నుంచి చివరి వరకు చదివాడు.

రోగం నీకు మంచే చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా కుడి ఊపిరితిత్తిలో మచ్చ మిగిలింది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, మా ఆవిడ కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి. నాకు నిలబడటానికి సమయం దొరికిందంటే మందు ఉచితంగా దొరకడం వల్ల, ఆమె కూలి వల్ల, పని మానేసినా తరిమేయని ఊరి వల్ల. ఇవి లేని మనిషికి కష్టంలోనే అవకాశం ఉందని చెప్పడం అన్యాయం.

అందుకే దసరా తరువాత గుంపులు బయలుదేరే రోజుల్లో మందు వాడుతున్నవాళ్లను వెతికి మరీ మాట్లాడుతాను. ఊళ్లో ఉండగలిగితే ఉండమంటాను. ఉండలేనివాళ్లకు మరో దారి ఉంది. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ని-క్షయ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ప్రతి రోగికి ఒక సంఖ్య ఉంటుంది, దాని ఆధారంగా చికిత్సను మరో జిల్లాకు, మరో రాష్ట్రానికి బదిలీ చేయించుకోవచ్చు. మా వాడకట్టు యువకుడొకడు నాలుగో నెలలో తప్పనిసరై పుణెకు వెళ్లాడు. బస్సు ఎక్కకముందే సూపర్‌వైజర్ గారితో మాట్లాడి బదిలీ చేయించాము. మిగిలిన మాత్రలు అక్కడి ఆరోగ్య కేంద్రంలో తీసుకుని, చివరి తెమడ పరీక్షలో క్రిమి లేదని తేలిన రోజు నాకు ఫోన్ చేశాడు.