నాణెం అంచున చుక్కలు

పాత నాణెం చేతికొస్తే అందరూ ముందు రాజుగారి మొహం చూస్తారు, నా కళ్లు మాత్రం అంచు మీదికే పోతాయి. మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలం నాటి రోమన్ వెండి నాణేలు కుప్పగా దొరికాయి కదా, ఆ రకం వెండి నాణెం, అంటే దెనారియస్, ఫొటో ఒకటి జూమ్ చేసి చూడండి, బొమ్మ చుట్టూ సన్నటి చుక్కల వరస ఉంటుంది, అదీ చాలాసార్లు ఒక పక్క నిండుగా, ఇంకో పక్క సగమే. రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు మరి, కాస్త జరిగితే చుక్కలు బిళ్ల దాటిపోయేవి. నాకు అలా తప్పిపోయినవే ఇష్టం, కొట్టినవాడి చెయ్యి కనిపిస్తుంది.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్సులో కట్టిన ఎరెక్థియోన్ గుడి రాతి అంచుల్లోనూ పూసలే. ఒక పూస, పక్కన పల్చటి బిళ్లల జత, మళ్లీ పూస, దారానికి గుచ్చినట్టు. తర్వాతి కాలంలో యంత్రంతో కొట్టిన చాలా నాణేల అంచున చుక్కల బదులు పళ్లలాంటి గాట్లు వచ్చాయి, గ్రీకు కట్టడాల చూరు కింద కూడా అలాంటి పళ్ల వరస ఉంటుంది.

మన చాళుక్య, కాకతీయ శిల్పులూ స్తంభాల మీద ముత్యాల దండలు చెక్కారు. ఇది గ్రీకులను చూసి చేసిందే అంటే మాత్రం నేనొప్పుకోను, ముత్యాల దండ ఎవరికైనా తట్టేదే! నల్గొండ దగ్గరి పానగల్లు పచ్చల సోమేశ్వరాలయానికి వెళ్తే సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్లండి, మిట్టమధ్యాహ్నం సన్న చెక్కడాలు సరిగ్గా ఆనవు.